రెండోసారి చూసే లండన్

లండన్‌లో ఏడాది మాస్టర్స్ చదవడానికి వెళ్ళిన విద్యార్థికి మొదటి టర్మ్ నడిమధ్యలో, నవంబరు మొదటి రోజుల్లో, క్లాసులు లేని వారం ఒకటి దొరుకుతుంది. చాలా కాలేజీలు దాన్ని రీడింగ్ వీక్ అంటాయి. వ్యాసాలు రాసుకోవడానికీ, వెనకబడిన పాఠాలు అందుకోవడానికీ ఇచ్చిన వ్యవధి అది. కానీ సెప్టెంబరులో దిగిన పిల్లలకు గది వెతుక్కోవడం, బ్యాంకు ఖాతా తెరవడం, పార్ట్‌టైమ్ పని చూసుకోవడం, చలికి కోటు కొనుక్కోవడం వీటితోనే రెండు నెలలూ గడిచిపోతాయి. కాబట్టి ఊరిని తీరిగ్గా చూసే మొదటి అవకాశం కూడా ఆ వారమే. మన తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్, హౌన్స్‌లో లాంటి పేటల నుంచి కాలేజీకి వెళ్ళే దారిలో సగం నేల కిందే గడుస్తుంది. ఊరంటే వాళ్ళకు అప్పటికి కొన్ని స్టేషన్ల పేర్లే. అందుకే రీడింగ్ వీక్ రాగానే ఒక జాబితా తయారవుతుంది. గడియార స్తంభం, రాజుగారి కోట, పెద్ద చక్రం, మైనపు బొమ్మలు, గాజు శిఖరం, ఫుట్‌బాల్ స్టేడియం. ఏడు రోజుల్లో ఇరవై చోట్లు. ఆ జాబితా మూడు రోజుల కోసం వచ్చి తిరుగు విమానం ఎక్కేసే టూరిస్టు కోసం పుట్టింది. అతని పరిస్థితికి అది సరైనదే. ఏడాది పాటు అక్కడే అద్దె కట్టి బతికే విద్యార్థికి మాత్రం అది పనికిరాదని నా వాదన. టూరిస్టుకు లేనిదీ విద్యార్థికి ఉన్నదీ ఒకటుంది. చూసిన చోటికే అతను మళ్ళీ వెళ్ళగలడు. వారంలో ఇరవై చోట్లు ఒక్కొక్కసారి చూసేకంటే ఐదారు చోట్లు ఎంచుకుని రెండేసిసార్లు చూడటం మేలు.

ముందు డబ్బు సంగతి. టికెట్టు పెట్టి చూసే పెద్ద ఆకర్షణల్లో చాలావాటి ధర ఒక్కోదానికి ముప్పై పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. ఐదు చూస్తే నూటయాభై. సొంతంగా వండుకునే విద్యార్థికి అది మూడు నాలుగు వారాల వెచ్చాలకు సరిపోయే డబ్బు. ఖర్చు ఒక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు, జీవితంలో ఒకసారే కదా అని పెట్టేయవచ్చు. అసలు నష్టం చూసే తీరులో ఉంది. ముప్పై పౌండ్లు కట్టి లోపలికి వెళ్ళినవాడు డబ్బు గిట్టుబాటు కావాలని ప్రతి గదీ తిరుగుతాడు. రెండు గంటలు దాటాక కాళ్ళు పీకుతాయి, కళ్ళు పట్టించుకోవడం మానేస్తాయి, అయినా బయటికి రావడానికి మనసొప్పదు. ఉచితంగా వెళ్ళే చోట ఆ బలవంతం లేదు. ఒక్క గదిలో నలభై నిమిషాలు గడిపి, మిగతా తొంభై గదుల వైపు తిరిగి చూడకుండా రోడ్డు మీదికి వచ్చేయవచ్చు. గురువారం మళ్ళీ వెళ్ళి అదే గదిలో నిలబడవచ్చు. ఉచిత ప్రవేశం అనగానే మనం మిగిలే డబ్బునే చూస్తాం. బయటికి వచ్చేసే స్వేచ్ఛ, మళ్ళీ వెళ్ళే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. లండన్‌లో గొప్ప సంగ్రహాలన్నీ దాదాపుగా ఈ ఉచితం వైపే ఉన్నాయి: బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, ప్రకృతి చరిత్ర మ్యూజియం, సైన్స్ మ్యూజియం, టేట్ మోడర్న్, గ్రినిచ్‌లోని నౌకాయాన మ్యూజియం.

ఈ ఉచితం ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, దానికి రెండున్నర శతాబ్దాల తగువు ఉంది. 1753లో పార్లమెంటు చట్టం చేసి బ్రిటిష్ మ్యూజియం పెట్టినప్పుడే తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్ళందరికీ రుసుము లేకుండా తెరవాలని నిర్ణయించారు. 1759లో తలుపులు తెరిచాక జరిగింది వేరు. ముందుగా అర్జీ పెట్టుకుని టికెట్టు తెచ్చుకోవాలి, చిన్న గుంపుగా వెళ్ళాలి, వెంట తిప్పేవాళ్ళు తొందరపెడుతుంటే గదుల గుండా సాగిపోవాలి. డబ్బు కట్టనక్కర్లేదు గానీ నిలబడి చూసే హక్కు లేదు. చూసేవాడి వేగం చూసేవాడి చేతిలో ఉండాలన్న మాట నెమ్మదిగా గెలిచింది. 1824లో ఒక బ్యాంకరు సంగ్రహం నుంచి కొన్న 38 చిత్రాలతో మొదలైన నేషనల్ గ్యాలరీకి 1838లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కొత్త భవనం కట్టారు. ఆ చోటు ఎంచుకోవడం వెనక ఒక లెక్క ఉంది. పడమటి పేటల్లోని ధనవంతులు బండ్లలోనూ తూర్పు పేటల్లోని పేదలు కాలినడకనా చేరుకోగలిగే మధ్యస్థలం అది. తర్వాత బొగ్గు పొగ పటాలను పాడుచేస్తోందనీ, శుభ్రమైన గాలి ఉన్న కెన్సింగ్టన్ వైపు మార్చాలనీ గొడవ వచ్చింది. 1857లో దీని మీద ఒక కమిషన్ కూర్చుంది. చిత్రాలు భద్రంగా ఉండటమే గమ్యం కాదు, జనం వాటిని చూసి ఆనందించడానికే అవి ఉన్నాయి అనే తీరులో అందులోని ఒక న్యాయమూర్తి అభిప్రాయం రాశారు. గ్యాలరీ కదల్లేదు. అదే ఏడాది సౌత్ కెన్సింగ్టన్‌లో తెరిచిన మ్యూజియంలో, అంటే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో, గ్యాసు దీపాలు పెట్టి రాత్రిపూట కూడా జనాన్ని రానిచ్చారు. పగలంతా పనిచేసేవాళ్ళు సాయంత్రం కాక ఇంకెప్పుడు వస్తారు? ఆధునిక కాలంలోనూ తగువు ఆగలేదు. 1974లో ప్రభుత్వం రుసుము పెట్టింది, మూడు నెలలకే ఎత్తేయాల్సి వచ్చింది. 1980లలో కొన్ని మ్యూజియాలు మళ్ళీ టికెట్టు పెట్టాయి. 2001 డిసెంబరులో జాతీయ మ్యూజియాల తలుపులన్నీ తిరిగి ఉచితంగా తెరుచుకున్నాయి. షిఫ్టు ముగించుకుని సాయంత్రం అరగంట లోపలికి తొంగిచూసే మన విద్యార్థి, ఆ గ్యాసు దీపాలు ఎవరి కోసం వెలిగించారో ఆ మనిషికి వారసుడే.

రెండోసారి చూస్తే కొత్తగా ఏం కనిపిస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. నేషనల్ గ్యాలరీలో టర్నర్ వేసిన ఒక పటం ఉంది. ట్రఫాల్గర్ యుద్ధంలో 1805లో పోరాడిన టెమరేర్ అనే ఓడను, ముసలిదైపోయాక, 1838లో థేమ్స్ నది మీద లాక్కెళ్ళి విడగొట్టారు. మరుసటి ఏడాది టర్నర్ ఆ పటాన్ని ప్రదర్శించాడు. దెయ్యంలా తెల్లగా ఉన్న పెద్ద తెరచాప ఓడ, దాని ముందు పొగ కక్కుతూ చిన్న నల్ల స్టీమరు, వెనక ఆకాశమంతా మండుతున్న సూర్యాస్తమయం. మొదటిసారి చూసినవాడికి ఆ రంగులు చాలు, వాటితోనే కడుపు నిండుతుంది. రెండు రోజుల తర్వాత ఓవర్‌గ్రౌండ్ రైలెక్కి రోథర్‌హైత్‌లో దిగాలి. ఆ ఓడను విప్పింది అక్కడే. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో టెమరేర్ కలపతో చేసిన కుర్చీలున్నాయి. స్టేషన్ దాటాక రైలు నది కిందుగా పోయే సొరంగం 1843లో తెరిచినది. ఓడలు తిరిగే నది కింద మనుషులు తవ్విన మొదటి సొరంగం అది. పద్దెనిమిదేళ్ళు పట్టింది. రోజూ ఆ రైల్లో ఫోను చూసుకుంటూ వెళ్ళే విద్యార్థులు ఎందరో. ఇక ఒడ్డున నిలబడితే పటం గురించి ఒక సంగతి తడుతుంది. ఓడను సముద్రం వైపు నుంచి లోపలికి, అంటే పడమటికి లాక్కొచ్చారు. పడమటికి వచ్చే ఓడకు అస్తమించే సూర్యుడు ఎదురుగా ఉండాలి గానీ వెనక ఉండకూడదు. పైగా అప్పటికి ఆ ఓడకు స్తంభాలు పీకేశారు, లాగింది రెండు స్టీమర్లు. ఇవన్నీ తెలిసి మళ్ళీ గ్యాలరీకి వెళ్ళినవాడికి అదే పటం వేరే పటం. టర్నర్ దిక్కులు మార్చాడు, పోయిన స్తంభాలు తిరిగి నిలబెట్టాడు, రెండు స్టీమర్లను ఒకటి చేశాడు. ఒక కాలం వెళ్ళిపోతోందని చెప్పడానికి చిత్రకారుడు ఏమేం చేయాల్సి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. ఈ ఎరుక ఆడియో గైడు చెప్పినా వస్తుందనవచ్చు. వస్తుంది, సమాచారంగా వస్తుంది. నది ఒడ్డున చలిగాలికి నిలబడి, పడమర ఎటో తల తిప్పి చూసుకున్నవాడికి వచ్చేది ఆ సమాచారం కంటే లోతుగా దిగుతుంది.

నది కూడా ఇదే పాఠం చెబుతుంది. థేమ్స్‌కు సముద్రపు పోటు లండన్ నడిబొడ్డు దాకా వస్తుంది. లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం పోటుకూ పాటుకూ మధ్య దాదాపు 7 మీటర్లు మారుతుంది. ఉదయం గోడకు ఆనుకుని నీళ్ళు తన్నుకుంటున్న చోట, ఆరేడు గంటల తర్వాత వస్తే గులకరాళ్ళ తీరం కనబడుతుంది. పాత మట్టి పొగాకు గొట్టాల ముక్కలు బురదలో మెరుస్తుంటాయి (ఏరుకోవడానికి అనుమతి పత్రం ఉండాలి, చూడటానికి అక్కర్లేదు). గోదావరి, కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలకు వరద తెలుసు, ఎండిన ఇసుక తెలుసు. రోజుకు రెండుసార్లు పొంగి తగ్గే నది కొత్త. ఒకే వంతెన మీద ఒకే రోజు రెండుసార్లు నిలబడితే తప్ప ఆ సంగతి తెలియదు.

నగరాన్ని కాళ్ళతో కొలవకపోతే ఈ చూపు రాదు. ట్యూబ్ మ్యాపు మహా తెలివైన బొమ్మ. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీయగా, 1933లో జనం చేతికి అందింది. విద్యుత్ సర్క్యూట్ల బొమ్మలా గీతలన్నీ నిటారుగా, అడ్డంగా, నలభై ఐదు డిగ్రీల వాలుగా ఉంటాయి. ఏ రైలు మారాలో అది ఇట్టే చెబుతుంది. ఏది ఎంత దూరమో చెప్పదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు రైలెక్కేవాళ్ళు రోజూ ఉంటారు. ఆ రెండు స్టేషన్ల మధ్య దూరం మూడు వందల మీటర్లు కూడా లేదు, మెట్లు దిగి ఎక్కేలోపు నడిచి చేరవచ్చు. బస్సు ఇంకా మంచిది. రెండు పౌండ్లలోపు టికెట్టుతో గంటలోపు ఎన్ని బస్సులైనా మారవచ్చు. పద్దెనిమిదేళ్ళు దాటిన విద్యార్థి ఆయిస్టర్ కార్డు తీసుకుంటే వారం, నెల పాసుల మీద 30 శాతం తగ్గుతుంది. ఇల్ఫర్డ్ నుంచి వచ్చే 25వ నంబరు బస్సు స్ట్రాట్‌ఫర్డ్, మైల్ ఎండ్, వైట్‌చాపెల్ మీదుగా సెయింట్ పాల్స్ చర్చి దాపులకు వస్తుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే తూర్పు లండన్ అంతా అంగడి బోర్డుల వరసగా కళ్ళ ముందు సాగుతుంది. నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది గనక వీధులు ఉదయం తిరిగి, మ్యూజియాలు మధ్యాహ్నానికి పెట్టుకోవాలి. ఈ నడకకు మన దేశపు విద్యార్థుల్లో పాత సాక్షి ఉన్నాడు. 1888లో లా చదవడానికి వచ్చిన గాంధీ, ఖర్చు తగ్గించుకోవడానికి చాలా చోట్లకు నడిచి వెళ్ళేవాడిననీ, రోజుకు ఎనిమిది పది మైళ్ళు అలా నడక అయ్యేదనీ ఆత్మకథలో రాశారు. అంతకు ముందే ఊరంతా గాలించి శాకాహార భోజనశాలను పట్టుకున్నదీ నడకతోనే, ఆ దారే ఆయన్ని అక్కడి శాకాహార సంఘంతో కలిపింది. తెలుగులో యాత్రా రచనకు మొదటి పెద్ద పుస్తకమైన కాశీయాత్ర చరిత్రలో ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 ప్రయాణంలో మజిలీ మజిలీకీ నీళ్ళూ, దారీ, దొరికే సరుకులూ నమోదు చేశారు. గుళ్ళతో పాటు దారిని కూడా చూడదగిందిగా ఎంచిన ఆ చూపు మనకు వారసత్వంగా ఉంది. దాన్ని లండన్ వీధుల మీద వాడుకోవచ్చు.

అలా నడిచేటప్పుడు తూర్పు వైపు వెళ్ళమని సలహా ఇస్తాను. బ్రిక్ లేన్ వీధిలో ఇటుకలతో కట్టిన ఒక ప్రార్థనాలయం ఉంది. మతహింస తప్పించుకుని వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు 1743లో కట్టుకున్న చర్చి అది. తర్వాత మెథడిస్టుల చేతికి వచ్చింది. 1898లో తూర్పు ఐరోపా నుంచి పారిపోయి వచ్చిన యూదులు దాన్ని సినగాగ్ చేసుకున్నారు. 1976 నుంచి బంగ్లాదేశీల మసీదు. గోడ మీది నీడ గడియారంలో 1743 అన్న అంకె ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్ళు కుదురుకుని వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు వచ్చారు, గోడలు అవే. ఈస్ట్ హామ్‌లో మన కిరాణా కొట్టు ముందు కరివేపాకు కట్ట కొనే విద్యార్థికి తాను ఏ వరసలో నిలబడ్డాడో ఈ గోడ చూస్తే అర్థమవుతుంది. ఇంకా తూర్పుకు పోతే ఈస్ట్ ఇండియా అనే పేరుతో రైల్వే స్టేషనే ఉంది. ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల కోసం 1806లో అక్కడ రేవు తెరిచారు. లెడెన్‌హాల్ వీధిలోని కంపెనీ భవనాన్ని 1861లో కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు పైపులన్నీ బయటికి కనిపించే లాయిడ్స్ భవనం ఉంది. మచిలీపట్నం బట్టల లెక్కలూ ఉత్తర సర్కారుల కౌలు లెక్కలూ చేరిన చోటు గుండా రోజూ వేలమంది ఇన్సూరెన్సు ఉద్యోగులు నడిచిపోతుంటారు. చరిత్ర పుస్తకంలో కంపెనీ అన్న మాట చదివి వచ్చిన మన పిల్లలు ఆ కూడలిలో ఐదు నిమిషాలు నిలబడాలి. టికెట్టు లేదు, బోర్డు కూడా పెద్దగా లేదు. ఏం వెతకాలో తెలిసినవాడికే కనిపించే చోటు అది. అందుకే మొదటిసారి దాటిపోయి, చదువుకుని, రెండోసారి రావడం అవసరమవుతుంది.

ఈ వాదనకు మొదట వచ్చే అభ్యంతరం ఇంటి నుంచి. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు గడియార స్తంభం ముందు నిలబడ్డ కొడుకు ఫోటో, వంతెన ముందు కూతురి ఫోటో కావాలి. అది చిన్న కోరిక కాదు. ఊళ్ళో నలుగురికీ చూపించుకునే ఆ ఫోటోలో వాళ్ళ కష్టానికి రుజువు ఉంది. దాన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. దానికి ఏడు రోజులు అక్కర్లేదు, సగం రోజు చాలు. వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టి దక్షిణపు ఒడ్డున టవర్ బ్రిడ్జి దాకా నడిస్తే నాలుగు కిలోమీటర్లు. పార్లమెంటు, పెద్ద చక్రం, పాత కరెంటు కేంద్రాన్ని మార్చి 2000లో తెరిచిన టేట్ మోడర్న్, దాని ఎదురుగా నది మీద సన్నని నడక వంతెన, ఆవలి గట్టున సెయింట్ పాల్స్ గుమ్మటం, షేక్స్‌పియర్ నాటకశాల నమూనా, చివరకు 1894 నాటి టవర్ బ్రిడ్జి. జాబితాలో సగం ఆ ఒక్క నడకలో అయిపోతుంది, పైసా ఖర్చు లేకుండా. ఎత్తు నుంచి ఊరు చూడాలంటే ఫెంచర్చ్ స్ట్రీట్ 20వ నంబరు భవనం మీది స్కై గార్డెన్‌కు ముందుగా పేరు నమోదు చేసుకుని ఉచితంగా వెళ్ళవచ్చు. అంత ఎత్తు కట్టడానికి అనుమతి అడిగినప్పుడు, పైన జనానికి తోట ఇస్తామన్న మాట మీదే ఆ అనుమతి వచ్చింది. వెస్ట్‌మినిస్టర్ అబీకి, సెయింట్ పాల్స్‌కు పగలు టికెట్టు ఉంది, సాయంత్రం ప్రార్థనకు లేదు. ప్రార్థనకు కూర్చున్నవాడు ఆ కప్పు కింద ముప్పావుగంట కదలకుండా, పాట వింటూ గడుపుతాడు. కట్టడాన్ని చూడటానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

టికెట్టు పెట్టి ఒక్కటి చూడాలంటే లండన్ టవర్ చూడమంటాను, కారణం కోహినూర్. కృష్ణ ఒడ్డున పల్నాటి కొల్లూరు గనుల్లో అది దొరికిందని చెబుతారు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. 1849లో పంజాబును కలిపేసుకున్నప్పుడు పదేళ్ళ మహారాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించి ఆ రాయిని విక్టోరియా రాణికి చేర్చారు. 1852లో మళ్ళీ సానపట్టించి 186 కారట్ల రాయిని 105కు తగ్గించారు. ఇప్పుడు 1937లో చేయించిన రాణి కిరీటంలో ఉంది. అక్కడ కిరీటాల ముందు నేలే కదులుతుంది. కదిలే పట్టీ మీద నిలబడిన మనిషిని అద్దాల ముందు నుంచి అది తీసుకుపోతుంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎక్కవచ్చు, అలా రెండుసార్లు ఎక్కమనే చెబుతాను. రద్దీ అంత ఉంటుంది గనక వాళ్ళ ఏర్పాటును తప్పుపట్టలేం. కానీ జాబితా పట్టుకుని ఊరు చూడటం ఎలా ఉంటుందో ఆ పట్టీ మీద కాలికి తెలుస్తుంది. వస్తువు కదలదు, మనల్నే దాటించేస్తారు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. అప్పు మీద వచ్చినవాడికి ఊరు చూసే సరదా ఏమిటి, ఆ వారం ఇంకో నాలుగు షిఫ్టులు చేస్తే గది అద్దె వస్తుంది కదా? విద్యార్థి వీసా నిబంధన ఇక్కడ గుర్తుంచుకోవాలి. డిగ్రీ స్థాయి చదువుకు టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలే పని. రీడింగ్ వీక్‌ను సాధారణంగా సెలవుగా లెక్కించరు, అది టర్మ్‌లో భాగమే. క్లాసులు లేవు కదా అని గంటలు పెంచుకున్నవాడు వీసానే పణంగా పెడుతున్నాడు. ఏడాది మాస్టర్స్‌లో వేసవి కూడా డిసర్టేషన్ కాలం కాబట్టి అప్పుడూ ఇదే లెక్క. కాబట్టి ఆ 20 గంటలు పోగా మిగిలిన సమయాన్ని డబ్బుగా మార్చుకునే దారి ఎలాగూ లేదు. మిగిలేది గదిలో పడుకోవడం, లేదా బయటికి రావడం. ఏడాది చదువు ముగిసి, ఉద్యోగం వెతుకులాట మొదలయ్యాక, ఏ ఊళ్ళో తేలతారో ఎవరికీ తెలియదు. మూడు నెలల్లో ఐదుసార్లు చూసిన మ్యూజియం గది ఒకటి ఉంటే, వెళ్ళిపోయేటప్పుడు ఆ ఊరు వాళ్ళది అవుతుంది. చదువు పాడవుతుందన్న బెంగ ఉన్నవాళ్ళు అంబేద్కర్‌ను తలుచుకోవచ్చు. 1920ల మొదట్లో రూపాయి సమస్య మీద పరిశోధన రాస్తూ ఆయన రోజుల తరబడి కూర్చున్నది బ్రిటిష్ మ్యూజియం పఠనాలయంలోనే. చూసే చోటూ చదివే చోటూ ఒకటే కావడం ఈ ఊరి గొప్పతనం.

ఇక మూడో అభ్యంతరం బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన శిల్పాల గురించి. అంతదూరం వెళ్ళి అమరావతి శిల్పాలు చూడటమేమిటి, పైగా అవి ఇక్కడి నుంచి పట్టుకుపోయినవి, వాటి ముందు నిలబడి మెచ్చుకోవడం న్యాయమా అని అడిగేవాళ్ళున్నారు. ఈ ప్రశ్నను దాటవేయకూడదు. బ్రిటిష్ మ్యూజియం 33ఏ గదిలో గాజు తలుపుల వెనక అమరావతి మహాచైత్యపు పలకలున్నాయి. మ్యూజియం సంగ్రహంలో 120కి పైగా ఉన్నాయి. 1797లో కోలిన్ మెకంజీ ఆ దిబ్బ దగ్గరకు వచ్చేసరికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తుండటంతో చైత్యపు రాళ్ళు ఇళ్ళకూ మెట్లకూ పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. 1859లో అక్కడి నుంచి లండన్‌కు ఓడెక్కాయి. లండన్‌లోనూ చాలాకాలం వానకూ మంచుకూ నానాయి, 1880లో గానీ బ్రిటిష్ మ్యూజియానికి చేరలేదు. అంటే కాపాడామన్న వాళ్ళ కథ పూర్తిగా నిజం కాదు, దోచుకున్నారన్న మన కథలో మన చేతివాటం కూడా కొంత ఉంది. నా మట్టుకు నాకు ఆ పలకలు కృష్ణ ఒడ్డున ఉండాలనే కోరిక ఉంది. 1963 చట్టం ప్రకారం మ్యూజియం తన సంగ్రహంలోని వస్తువులను ఇచ్చివేయడానికి వీల్లేకుండా ఉంది, అది మారాలంటే పార్లమెంటే పూనుకోవాలి. అలా అని అసలు జరగని పని కాదు. 1830లలో లండన్‌లో ఉన్న మూడేళ్ళలో, కంపెనీ గ్రంథాలయంలో మూలపడ్డ దక్షిణాది భాషల రాతప్రతులను సి.పి.బ్రౌన్ వెతికి పట్టుకుని మద్రాసుకు తిరిగి పంపించారు. అవి అక్కడ ఉన్నాయని ఆయన వెళ్ళి చూశారు కాబట్టే అడగగలిగారు. తర్వాత అదే నగరంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేసి, 1884లో అక్కడే కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. వెళ్ళి చూడకుండా ఉండటం నిరసన అవుతుందని నేను అనుకోను. ఏది ఎక్కడుందో, ఏ పలక మీద ఏముందో తెలిసినవాళ్ళు వందమంది తయారైతే, తిరిగి ఇమ్మని అడిగే గొంతుకు బరువు వస్తుంది. మద్రాసు మ్యూజియంలోని పలకలూ అమరావతిలోని పలకలూ కూడా చూసినవాళ్ళు ఆ వందమందిలో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఒకే చైత్యం వేర్వేరు ఊళ్ళలో ముక్కలై ఉంది.

ఆ సంగ్రహంలో పల్నాటి సున్నపురాతి పలక ఒకటి ఉంది. దాని మీద చైత్యం బొమ్మనే చెక్కారు. పూర్ణకుంభాలు, సింహాలు, గుమ్మటం చుట్టూ పూలదండలు, ఆకాశంలో ఎగిరే దేవతలు, ఒక్క అంగుళం ఖాళీ లేని పని. క్రీస్తు శకం 3వ శతాబ్దపు శిల్పులది. మొదటిసారి వెళ్ళినవాళ్ళు అది చూసి, ఫోటో తీసుకుని, పక్క పలకకు వెళ్ళిపోతారు. ఆ రాయికి ఇంకో ముఖం ఉంది. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు, క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో, వేరే చేతులు దాన్ని చెక్కాయి. అప్పటికింకా బుద్ధుణ్ణి మనిషిగా చెక్కే అలవాటు అక్కడ లేదు. చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం, అంతే. చైత్యాన్ని కొత్తగా అలంకరించినప్పుడు శిల్పులు పాత రాయిని పారేయకుండా తిప్పి, వెనక వైపు మళ్ళీ చెక్కారు. మంగళవారం ఆ గుమ్మటాన్ని చూసినవాళ్ళు శుక్రవారం ఆ చెట్టు కోసం రావచ్చు. శుక్రవారాల్లో బ్రిటిష్ మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది.